విడుపు

"కోతుల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తదా మేడమ్?"

హనుమకొండలోని ఒక డిగ్రీ కాలేజీలో, సెమినార్ హాలు ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి ఈ ప్రశ్న అడగగానే హాలంతా గొల్లుమంది. డాక్టర్ వకుళ కూడా నవ్వింది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్న శాస్త్రవేత్తలకు ఆ నవ్వు బాగా అలవాటు.

"ఎందుకు రాదు? జూపార్కులున్నయి, అటవీ శాఖ ఉన్నది, పరిశోధన సంస్థలున్నయి. ఇప్పుడైతే పంటలు కాపాడే కంపెనీలు గూడ మనోళ్లను పిలుస్తున్నయి. ఏ జంతువు ఏ పని ఎందుకు చేస్తదో, ఆ గుణం ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎట్ల దిగుతదో చెప్పేటోళ్లకు ఇయాల గిరాకీ ఉన్నది," అంది వకుళ. తన పర్మనెంటు పోస్టుకు ఇంటర్వ్యూ ఇంకా కాలేదని, అది రాకపోతే వచ్చే ఏడాది జీతం ఎవరిస్తారో తనకే తెలియదని మాత్రం చెప్పలేదు. అలాంటివి చెబితే ఆ పిల్లలు బీఎడ్‌కు పోతారు.

తర్వాత తెర మీద వీడియో వేసింది. ములుగు అడవి అంచున వాళ్ల పరిశోధన కేంద్రం. జాలీ వేసిన గదిలో ఒక తల్లి కోతి, దాని పొట్టను కరుచుకుని పిల్ల. తొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి పిల్ల ముక్కు దగ్గర సన్నటి తుంపర కొడుతుంది. మర్నాడు తీసిన దృశ్యంలో తల్లి పిల్లను దగ్గరికి లాక్కుంటుంది, పిల్ల తోసుకుని దిగిపోతుంది. మళ్లీ లాక్కుంటుంది, మళ్లీ దిగిపోతుంది. ఆ పిల్లనే తీసుకెళ్లి అడవి లోపలి గుంపులో మరో ఆడకోతికి అందిస్తే, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు దాని పొట్టకు అంటుకుపోతుంది.

ఆ తుంపరకు కేంద్రంలో పెట్టుకున్న పేరు విడుపు. పిల్ల మెదడులో తల్లి వాసన అచ్చుపడి ఉండే చోటు ఒకటుంది. విడుపు ఆ అచ్చును చెరిపేస్తుంది. కొద్ది రోజులపాటు ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఆ లోపల ఎవరు ఎత్తుకుని తిరిగితే పిల్లకు వాళ్లే తల్లి. ఊరి కోతులు మక్క చేల మీద పడటం, ఇళ్లలో దూరి అన్నం గిన్నెలు ఎత్తుకుపోవడం పుట్టుకతో వచ్చే బుద్ధి కాదు, పిల్ల తల్లిని చూసి నేర్చుకునే విద్య. తల్లి మారితే విద్య మారుతుంది. ఊరి కోతి పిల్ల అడవి తల్లి వెంట తిరిగి ఇప్పపూలు, తునికిపళ్లు ఏరుకోవడం నేర్చుకుంటుంది. ఒక్క తరంలో ఊళ్లకు పీడ వదులుతుందని వకుళ చెప్పగానే హాలు చప్పట్లతో మోగిపోయింది. అక్కడి పిల్లల్లో సగం మంది ఇళ్లలో కోతులకు భయపడి బీరపాదు పెట్టుకోవడం మానేసినవాళ్లే.

"మరి ఆ తల్లి కోతి ఏం జేస్తది మేడమ్?" అనడిగింది అదే అమ్మాయి.

"నాలుగు రోజులు దేవులాడుతది. తర్వాత మరిచిపోతది."

అది శుద్ధ అబద్ధం. పిల్లలు పోయిన తల్లులు నెలల తరబడి కేంద్రం కంచె పట్టుకుని అడవి వైపు చూస్తూ కూర్చుంటాయి. కొన్ని కొబ్బరిపీచు ముద్దనో, చెప్పు ముక్కనో పొట్టకు అదుముకుని తిరుగుతాయి. వకుళ రోజూ వాటి పక్క నుంచే నడుస్తుంది. పెద్ద పని జరిగేటప్పుడు ఇలాంటివి తప్పవని తనకు తాను చెప్పుకుని, టీ తాగడానికి వెళ్తుంది.

*

వకుళ కూతురు నీలకు అప్పటికి ఏడాదిన్నర. సోమవారం పొద్దున జీపెక్కితే తల్లి మళ్లీ శనివారం సాయంత్రమే ఇంటి ముఖం చూసేది. ఇంట్లో భర్త మురహరి ఉంటాడు, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. అతని చెల్లెలు హైమ గ్రూప్ పరీక్షల కోచింగ్ కోసం వచ్చి వాళ్ల దగ్గరే ఉంటోంది. హైమకు మేనకోడలంటే ముద్దే కానీ, పుస్తకం పక్కన పెట్టి చంకనేసుకు తిరిగేంత తీరిక లేదు. పిల్లను పగలంతా ఒక ఆయా చూసుకునేది.

నీలకు ఒకటే పట్టుదల. తల్లి విడిచిన చొక్కా పక్కలో లేకపోతే నిద్రపోదు. కాలరు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ, చప్పరిస్తూ కళ్లు మూస్తుంది.

కేంద్రంలో చొక్కాలకు ఒక కట్టుబాటు ఉంది. గుంపు దగ్గరికి వేసుకెళ్లే చొక్కాను సబ్బుతో ఉతకకూడదు. సబ్బు వాసన తగిలితే కోతులు బెదిరి చెట్లెక్కుతాయి. నెలల పాటు కూడబెట్టిన నమ్మకం ఒక్క ఉతుకుతో పోతుంది. అందుకని అందరూ చొక్కాలను వాగు నీళ్లలో ముంచి ఎండేసుకుంటారు, అంతే. కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకుంటే, ఎంత కంపు కొడితే అంత సీనియర్ అని పాతవాళ్లు ఆట పట్టిస్తారు. వకుళ చొక్కా ఆ లెక్కన చాలా సీనియర్. తుంపర కొట్టేటప్పుడు పిల్ల కోతిని రొమ్ముకు అదిమి పట్టుకునేది ఆమే కాబట్టి, గాలికి చెదిరిన మందు ఎన్నోసార్లు ఆ కాలరు మీద పడి ఆరిపోయింది.

ఒక సోమవారం పొద్దున హైమ ఇల్లు సర్దుతూ నీల పక్కలో ఉన్న చొక్కాను కూడా వాషింగ్ మెషిన్‌లో వేసేసింది. సబ్బు వాసన కొడుతున్న చొక్కాను నీల విసిరికొట్టి ఇల్లు పీకి పందిరేస్తోంది. గేటు ముందు జీపు డ్రైవరు "మేడమ్! మేడమ్!" అని కేకలు. వకుళ గదిలోకి వెళ్లి, ఒంటి మీదున్న అడవి చొక్కా విప్పి, సంచిలోని ఇంకోటి తొడుక్కుని వచ్చింది.

"ఇగో, ఇది పెట్టు దాని పక్కల."

"ఈ కంపు చొక్కానా వదినా?" అని హైమ ముక్కు చిట్లించింది.

"దానికి కావల్సింది ఆ కంపే."

నిజంగానే నీల ఠక్కున ఊరుకుంది. చొక్కాను చంకలో ఇరికించుకుని, కాలరు నోట్లో కుక్కుకుని తల్లికి టాటా కూడా చెప్పింది.

విడుపు ఆరిపోతే పనిచేయదని కేంద్రంలో అందరి నమ్మకం. ఎండిన గుడ్డతో పరీక్ష చేసి ఆ మాట తేల్చింది కూడా వకుళే. ఎండిన గుడ్డ ఒక పసినోట్లో రోజుల తరబడి నానితే ఏమవుతుందో చూడాలని ఎవరికీ తోచలేదు. కోతి పిల్లలు చొక్కాలు చప్పరించవు కదా.

*

"నీ బిడ్డ నిన్నటి సంది నీ పేరే తీస్తలేదు. ఆయా రెండు రోజులు రాకుంటే హైమనే ఎత్తుకున్నది, ఇగ హైమ సంక దిగుతలేదు. ఆయా దగ్గరికి గూడ పోతలేదు," అని ఆ వారం ఫోన్‌లో చెప్పాడు మురహరి.

"మంచిదే గదా. అలవాటైంది. ఈ శనివారం నేను రాను, ఢిల్లీ నుంచి కమిటీ వాళ్లు వస్తున్నరు."

వకుళ గుండె తేలికపడింది. ఫోన్ పెట్టినప్పుడల్లా చెవిలో మోగే ఏడుపు ఇన్నాళ్లకు ఆగిందని సంతోషపడింది. ఆ సంతోషం గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత ఆమెకు తన చెంపలు తానే వాయించుకోవాలనిపించేది.

కమిటీ వచ్చింది, చూసింది, మెచ్చుకుంది. అడవి తల్లి దగ్గర పెరిగిన ఊరి కోతి పిల్ల ఒకటి, కళ్ల ముందు మక్క కంకి పెట్టినా ముట్టకుండా తునికిచెట్టు ఎక్కడం చూసి ఒక పెద్దమనిషి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కేంద్రం డైరెక్టరు ప్రొఫెసర్ భూమయ్య వకుళ భుజం తట్టి, "ఇంకేంది, పోస్టు నీ జేబుల ఉన్నట్టే," అన్నాడు. ఆమె రెండు వారాల తర్వాత ఇంటికి వెళ్తూ దారిలో బిడ్డ కోసం రంగు బంతి కొన్నది.

హైమ పిల్లను ఎత్తుకునే తలుపు తీసింది.

"నీలూ, అమ్మొచ్చింది బిడ్డా."

నీల చూసింది. చూసి, హైమ మెడలో ముఖం దాచుకుంది. వకుళ ఎత్తుకోబోతే కెవ్వుమని, "అమ్మా, అమ్మా" అంటూ హైమ జడ పట్టుకుని భుజం మీదికి పాకింది.

"అత్తను, అత్తను అని నెత్తీ నోరు కొట్టుకుంటున్న వదినా, ఇంటలేదు," అంది హైమ, తనేదో దొంగతనం చేసి దొరికినట్టు.

"అలిగింది. రెండు వారాలాయె మరి," అన్నాడు మురహరి.

అలక కాదని వకుళకు తెలిసిపోయింది. అలిగిన పిల్ల దొంగచూపుతోనైనా తల్లిని చూస్తుంది. నీల చూడటం లేదు. వకుళ చెయ్యి తగలగానే ముక్కుపుటాలు అదిరి, తల పక్కకు తిరిగి, రెండు అరచేతులూ ఆమె రొమ్ము మీద ఆనించి తోసింది. ఆ తోపు వకుళ ఎన్నిసార్లు చూసిందో. అది కనబడితే మందు పట్టినట్టేనని తన దగ్గర పనిచేసే వాళ్లకు నేర్పింది ఆమే.

ఆమె గదిలోకి పరుగెత్తింది. మంచం మీద చొక్కా ఉంది. కాలరు నాని, నమిలి, పోగులు లేచి ఉంది.

*

తెలిసిపోయినా సరే, శాస్త్రవేత్త బుద్ధి రుజువు అడుగుతుంది. మర్నాడు వకుళ ఆ కాలరు ముక్క కత్తిరించుకుని కేంద్రానికి వెళ్లింది. పాలలో నానబెట్టి ఒక పిల్ల కోతి నోట్లో పెట్టింది. తెల్లారేసరికి అది తల్లిని తోసుకుని దిగిపోయింది. ఆ తల్లి జాలీలోంచి చెయ్యి చాపి వకుళ చొక్కా అంచు పట్టుకుంది. వకుళ చొక్కా విడిపించుకుని నేరుగా భూమయ్య గదికి వెళ్లి, ఏడుస్తూ అంతా చెప్పింది.

భూమయ్య అడిగిన మొదటి ప్రశ్న, "పిల్లకు వయసెంత?"

"ఏడాదిన్నర సార్."

"అంటే మనుషుల మీద గూడ పనిచేస్తదన్నట్టు." ఆయన కళ్లలో భయం కన్నా ముందు ఇంకేదో మెరిసింది. ఆ మెరుపును వకుళ గుర్తుపట్టింది. ఇంకొకరి బిడ్డయి ఉంటే తన కళ్లలోనూ అదే ఉండేది.

"బయట ఎవ్వలకు చెప్పకు. మీ ఆయనకు గూడ చెప్పకు," అన్నాడాయన గొంతు తగ్గించి. "చెప్తే ప్రాజెక్టు మూస్తరు, నీ పోస్టు పోతది. పోనీ గవన్నీ పోతే నీ బిడ్డ తిరిగొస్తదా? రాదు. ఆలోచించుకో."

"మల్లొకసారి ఇస్తే సార్?"

"ఎనుక గదిల ఉన్నయి గదా, చూడలేదా నువ్వు?"

చూడకేం. రెండోసారి విడుపు ఇచ్చాక తేడా వచ్చిన పిల్లలు వెనుక గదిలో ఉంటాయి. అలా ఇచ్చినవాటిలో కొన్ని కొత్త తల్లిని పట్టుకుని బాగానే పెరిగాయి. మిగిలినవి ఎవరినీ పట్టుకోలేదు. వాటికి రోగమేమీ లేదు. పెడితే తింటాయి, ఎత్తుకుంటే వస్తాయి, దించితే దిగుతాయి. కేంద్రంలో వాటిని 'అందరి పిల్లలు' అంటారు. ఏది ఎందుకు ఆ గదికి చేరుతుందో ముందుగా చెప్పడం ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు.

వకుళ ఇంటికొచ్చి మురహరికి ఏమీ చెప్పలేదు.

*

సెలవు పెట్టి, తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించింది. హైమ నైటీ వేసుకుంది. హైమ నూనె రాసుకుంది, హైమ సబ్బుతో స్నానం చేసింది. చీకటి గదిలో నీల ఒక్క క్షణం మోసపోయి ఆమె ఒళ్లోకి వచ్చింది. మెడ దగ్గర వాసన చూసింది. ఆ తర్వాత పెట్టిన కేకకు పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు.

హైమను స్నేహితురాలి హాస్టల్‌కు పంపి చూసింది. నీల అన్నం మానేసింది, నీళ్లు మానేసింది. చివరికి ఆసుపత్రిలో చేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తుంటే గుమ్మం వైపే చూస్తూ పడుకుంది. మురహరి ఫోన్ చేసి చెల్లెలిని రప్పించాడు. హైమ గొంతు వినబడగానే ఆ పిల్ల సూదితో సహా లేచి కూర్చుంది.

"నా చదువంత గంగల కలిసింది వదినా! నేను కన్ననా దీన్ని?" అని హైమ ఆసుపత్రి వరండాలోనే అరిచేసింది. అరిచి, నీలను గట్టిగా హత్తుకుని తనూ ఏడ్చింది.

నీలకు వకుళను పిలవడానికి ఒక పేరు కావాల్సి వచ్చింది. జీపు డ్రైవరు గేటు దగ్గర వేసే కేక చెవిన పడి, అదే పట్టుకుంది. "మేదం" అంటుంది. కొత్తవాళ్లు చూసి, ఎంత ముద్దుగా పిలుస్తోందో అని నవ్వుతారు. మురహరి కూడా ఒకసారి నవ్వాడు. వకుళ స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చింది.

ఇంటర్వ్యూ అయింది. పోస్టు వచ్చింది. మురహరి వీధంతా మిఠాయి పంచాడు. ఆ సాయంత్రం హైమ నీలకు తల దువ్వుతూ, మామూలుగా మాట్లాడినట్టే అంది.

"నిజం చెప్పాల్నా వదినా? మొదట్ల పీకల మీదికి వచ్చిందనుకున్న. ఇప్పుడైతే ఇది నన్ను ఇడిస్తే నేను బతుకలేను. నాకు ఉద్యోగమొస్తే నాతోనే తీస్కపోత."

వకుళ పైకి నవ్వింది. కానీ లోపల అసూయ భగ్గుమంది. తొమ్మిది నెలలు మోసింది తను. చెల్లెలి మాటకు మురహరి కూడా తలాడిస్తున్నాడు. వెనుక గదిలోని పిల్లలు ఆమె కళ్ల ముందు మెదిలాయి. వాటితో పాటు కొత్త తల్లిని పట్టుకుని చక్కగా పెరిగిన పిల్లలూ మెదిలాయి. తన బిడ్డ ఆ రెండో రకమే అవుతుందని ఆమె గట్టిగా నమ్మింది. నమ్మడానికి ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదు. తన విద్యార్థి ఎవరైనా ఆ మాట అంటే కాగితం మొహాన కొట్టేది.

*

హైమ పరీక్ష రాయడానికి హైదరాబాద్ వెళ్లింది, మురహరి తోడు వెళ్లాడు. పరీక్షలయ్యేదాకా అక్కడ బంధువుల ఇంట్లో ఉండాలి. పిల్లను ఎట్లా ఊరుకోబెడతావని అతను వెళ్లేటప్పుడు నాలుగుసార్లు అడిగాడు. నేను చూసుకుంటానంది వకుళ. వాళ్లు వెళ్లాక, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన నీల ముక్కు దగ్గర, కేంద్రం నుంచి దాచి తెచ్చిన తుంపర కొట్టింది. నీల తుమ్మింది.

మర్నాడు పిల్ల హైమ కోసం ఏడవలేదు. వకుళ పిల్లను కింద పెట్టలేదు. ఎత్తుకునే వంట చేసింది, ఎత్తుకునే తిన్నది, గుండెల మీదే పడుకోబెట్టుకుంది. నీల తోయలేదు. ఆ మెత్తటి బరువు భుజం మీద ఆనితే వకుళకు ఒళ్లు పులకరించింది. గెలిచానని అనుకుంది. "అమ్మ, అమ్మ అను," అని నేర్పితే నీల "అమ్మ" అని కూడా అంది.

హైమ వచ్చింది. గుమ్మంలోంచే "బిడ్డా!" అని చేతులు చాపింది. నీల ఆ చేతుల్లోకి వెళ్లింది. వకుళ ప్రాణం చివుక్కుమంది. ఆ వెంటనే నీల మురహరి చేతుల్లోకి వెళ్లింది. సామాను దించడానికి వచ్చిన ఆటో అతను సరదాగా చెయ్యి చాపితే అతని దగ్గరికీ వెళ్లింది. అతని భుజం మీద కూడా అంతే మెత్తగా తల ఆనించింది.

హైమ పిల్లను వెనక్కి తీసుకుని కళ్లలోకి చూసింది. "నీలూ, నేను... అమ్మను," అంది మెల్లగా. నీల ఆమె చెవిపోగును తిప్పి చూస్తోంది.

"ఏం జేసినవ్ వదినా దీన్ని?"

వకుళ అప్పుడు చెప్పింది. చొక్కా సంగతి, భూమయ్య మాట, రెండో తుంపర, అన్నీ. మురహరి ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. కుర్చీలో కూలబడి, "కోతులకు చేసేది మనింట్ల గూడ చేసినవా," అన్నాడు. హైమ ఆ రోజే బట్టలు సర్దుకుంది. ఆమె వెళ్లిపోతుంటే నీల అందరితో పాటు చెయ్యి ఊపింది.

*

ఆ తర్వాత నీల చక్కగా పెరిగింది. ఎవరు పెట్టినా తినేది, ఎవరు పిలిచినా వెళ్లేది. ఇంత బుద్ధిమంతురాలిని చూడలేదని ఆయా మురిసిపోయేది. వకుళ రోజూ కేంద్రం నుంచి ఇంటికి వచ్చేది. పర్మనెంటు ఉద్యోగి కదా, ఇప్పుడు ఆమె కోరిన వేళకు జీపు వస్తుంది. వచ్చి పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. దించితే నీల దిగి వెళ్లిపోయేది.

ఒక ఆదివారం వకుళ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. మురహరి అరుగు మీద పేపర్లు దిద్దుతున్నాడు. మెట్ల మీద ఆడుకుంటున్న నీల కాలు జారి పడింది. నుదురు మెట్టు అంచుకు కొట్టుకుని చర్మం చీలింది.

మురహరి పేపర్లు పారేసి లేచాడు. వకుళ తడిబట్ట పట్టుకుని అలాగే నిలబడింది. పడ్డ పిల్ల ముందు ఎవరి వైపు చూస్తుందో చూడాలని ఆమె ఊపిరి బిగపట్టింది. తన వైపు చూస్తే చాలు, లేదా మురహరి వైపు, పోనీ ఒకప్పుడు హైమ ఉన్న గది వైపు.

నీల ఎవరి వైపూ చూడలేదు. లేచి కూర్చుంది. కంటి మీదికి కారుతున్న నెత్తురును వేలితో తుడిచి, ఆ వేలు నోట్లో పెట్టుకుని రుచి చూసింది. ఏడవలేదు. పసిపిల్ల ఏడ్చేది నొప్పికి కాదు, వచ్చేవాళ్ల కోసమన్నది వకుళ తన పాఠాల్లో ఏళ్ల తరబడి చెప్పిన మాటే.

వకుళ పరుగెత్తుకెళ్లి మెట్ల మీద కూలబడి బిడ్డ భుజాలు పట్టుకుంది.

"ఏడువు బిడ్డా. దెబ్బ తాకింది గదా, ఒక్కసారి ఏడువు. నీ కాళ్లు మొక్కుత, ఏడువు!"

నీల ఆమె ముఖం వంక ఆసక్తిగా చూసింది. వకుళ చెంపల మీద కారుతున్న నీళ్లను అదే వేలితో తీసుకుని, నోట్లో పెట్టుకుని చప్పరించింది. రెండూ ఉప్పగానే ఉన్నాయేమో, మూడోసారి చూడకుండా లేచి తన ఆట దగ్గరికి వెళ్లిపోయింది.